పంక్తిభేదము

మన గృహములయందు చిరకాలమునుండి పాటింపబడుచున్న మర్యాదలలో పంక్తిభేదము చేయరాదనునది యొకటి. ఒక వరుసలో కూర్చుండినవారిలో నొకని విస్తరిలో నేయి ధారగా పోసి, ప్రక్కవాని విస్తరిలో చుక్క విదల్చిన గృహస్థుని లోకము మెచ్చదు. పదార్థము చాలకపోయినచో అందఱకును కొంచెము కొంచెముగా వడ్డింతురు గాని, తమవానికి నిండుగను పరునికి వెలితిగను వడ్డింపరు. భోజనవిషయమున నింత సూక్ష్మమైన న్యాయబుద్ధి గల మనము, తక్కిన భోగములను ఇంటిలో పంచుకొనునప్పుడు ఆ బుద్ధిని ఎచ్చట విడిచివచ్చుచున్నామని మేము కొంతకాలముగా ఆలోచించుచున్నాము. ఈ యాలోచనకు కారణమైనది ఏ ధర్మశాస్త్రమును గాదు. మా యింటికి మేము కొనితెచ్చిన ఆఱు శబ్దపు పెట్టెలు.

చదువరులు నవ్వవచ్చును. హోమ్ థియేటరునకు స్పీకర్లను ఏరుకొనుట అంగడిబేరము గాని ధర్మవిచార మెట్లగునని యడుగవచ్చును. మేమును మొదట అట్లే తలంచితిమి. కాని ఒక వస్తువు ఇంటిలోని కందఱకును సమముగా అందక, ఒకరికి హెచ్చుగను మఱియొకరికి తక్కువగను అందునప్పుడు, ఎవరికి హెచ్చు, ఎవరికి తక్కువ యని నిర్ణయించుటకంటె వేఱు ధర్మవిచార మేమున్నది? రాజ్యములయందు న్యాయమును గుఱించి యుపన్యసించు మనుష్యుని న్యాయము మొదట తన కూర్చుండు గదిలోనే తేలును.

ముందుగా ఈ యంత్రపు స్వభావమును తెలిసికొందము. 1932వ సంవత్సరమున 'భక్త ప్రహ్లాద' విడుదలయై తెలుగు తెరకు మాట వచ్చినప్పుడు, ఆ మాట ఒక్క ధ్వనిమార్గముననే వచ్చుచుండెను. నేలమీద కూర్చుండినవాడును కుర్చీలో కూర్చుండినవాడును ఒకే ధ్వనిని వినిరి. ముందువానికి కొంచెము హెచ్చు, వెనుకవానికి కొంచెము తగ్గు, భేదమంతియే. పిమ్మట ధ్వని చీలెను. 1940లో అమెరికాలో వెలువడిన 'ఫాంటాసియా' చిత్రమునకు సంగీతము ప్రేక్షకుల చుట్టును వినవచ్చునట్లు ఏర్పాటు చేసిరి గాని, దాని వ్యయము మిక్కుటమగుటచే కొలది నాటకశాలలలో మాత్రమే అది సాగెను. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్' అను చిత్రముతో డాల్బీ డిజిటల్ అను పద్ధతి వచ్చెను. నేడు అంగళ్లలో నందఱును పలుకు 5.1 అను లెక్క అట్టి పద్ధతులవలననే ఇండ్లకు చేరినది. 2012లో అట్మాస్ అను పద్ధతి పైకప్పునుండియు ధ్వనిని దింపెను. అది 2014లో ఇండ్లకును వచ్చెను.

5.1 అనగా ముందు ఎడమ, కుడి, మధ్య మూడు పెట్టెలు, వెనుక ప్రక్కల రెండు పెట్టెలు, ఇవి యయిదు. చుక్క తరువాతి ఒకటి మంద్రధ్వనులను మాత్రమే పలుకు సబ్ వూఫరునకు గుర్తు. సుమారు 120 హెర్ట్జులకు లోబడిన ధ్వనులే దానికి వచ్చును గనుక, దానిని పూర్ణసంఖ్యగా లెక్కింపలేదు. ముందరి యెడమ కుడి పెట్టెలు చూచువాని యెదుటి రేఖకు చెఱియొక ప్రక్క 22 మొదలు 30 డిగ్రీల కోణముననుండవలెను. వెనుకటివి 110 మొదలు 120 డిగ్రీల కోణముననుండవలెను. ఇచ్చటనే ధర్మసూక్ష్మమున్నది. కోణమును కొలువవలెనన్న దానికొక శీర్షము కావలెను. ఆ శీర్షము ఒక మనుష్యుని తల. ఎవని తల? ఆ తలయున్న చోట అన్ని ధ్వనులును సమకాలమున, సమబలముతో చేరును. దానికి రెండడుగులు కుడిగా కూర్చుండినవానికి కుడిపెట్టె ముందుగను బిగ్గరగను వినబడి, ఎడమపెట్టె మఱుగుపడును. కావున ఈ యంత్రమునందు పంక్తిభేదము పుట్టుకతోడనే యున్నది. నేతిగిన్నె ఒక్క విస్తరిమీదనే వంగియున్నట్టి వడ్డన యిది.

ఇక మా కథ. మేము విజయవాడలో నొక అంతస్తుల భవనమున మూడవ అంతస్తునందు కాపురముండువారము. మా కూర్చుండు గది 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు గలది. మా గృహిణి, కళాశాలలో చదువుకొను మా కుమార్తె, డెబ్బదియాఱేండ్ల మా తల్లిగారు, మాతో గూడ నలుగురము. స్పీకర్లను కొనుటకు రెండు మాసములు అంగళ్లు తిరిగితిమి. ఒక అంగడివాడు వాట్ల లెక్కలు చూపి మమ్ము మురిపింపజూచెను. వాట్లు రెట్టింపైనచో ధ్వని 3 డెసిబెళ్లు మాత్రమే హెచ్చుననియు, చెవికి రెట్టింపుగా తోచుటకు సుమారు 10 డెసిబెళ్లు, అనగా పదిరెట్ల శక్తి కావలెననియు మేము చదివియుంటిమి గనుక ఆ మాటకు లొంగలేదు. కాని మఱియొక మాటకు లొంగితిమి. "వచ్చిన చుట్టాలు అదిరిపోవాలండీ. బేస్ పెట్టె పెద్దది తీసుకోండి, మధ్యది చిన్నదైనా సరిపోతుంది" అని ఆ వర్తకుడు చెప్పెను. రూ. 60,000లలో మూడవవంతుకంటె హెచ్చు ఆ మంద్రపు పెట్టెకే పోయెను.

అమర్చుటకు వచ్చిన పనివాడు, ధ్వనిని సరిచూచు చిన్న మైకును ఏ యాసనమున నుంచవలెనని యడిగెను. మేము క్షణమైనను ఆలోచింపక, మేము కూర్చుండు చోటనే యుంచుమంటిమి. మా గృహన్యాయమంతయు ఆ యొక్క మాటతో తీర్పయిపోయినదని అప్పుడు మాకు తోపలేదు.

మొదటి వారమున అందఱమును కూర్చుండి చూచితిమి. రెండవ వారమునుండి మా తల్లిగారు తమ గదికి పోయి పడుకొనసాగిరి. పిలిచినచో, "కథ నాకు తెలిసిందేగా నాయనా, మీరు చూడండి" అనెడివారు. ఆమె యెన్నడును చూడని చిత్రమును గుఱించియు ఆ మాటయే చెప్పుట విని మా కుమార్తె నవ్వెను. మేమును నవ్వితిమి. మా గృహిణి వంటయింటి గడపకడ నిలిచి సగము చిత్రము చూచెడిది. అచ్చటికి వెనుకపెట్టెలోని వానచప్పుడు స్పష్టముగా వినబడెడిది గాని పాత్రల మాటలు వినబడెడివి కావు. మేము మాత్రము నడిమి యాసనమున కూర్చుండి, వెనుకనుండి ముందునకు ఎగిరిపోవు పక్షుల ఱెక్కలచప్పుడునకు పరవశులమగుచుంటిమి.

ఇట్లుండగా ఒకనాడు మెట్లమీద మా గృహిణికి క్రింది యింటి యిల్లాలు ఎదురయ్యెను. ఆమె భుజముమీద ఆఱునెలల బిడ్డ పట్టపగలు నిద్రించుచుండెను. ఆ మాటా ఈ మాటా యైన పిమ్మట ఆమె సంకోచించుచు, "రాత్రిళ్లు మీ సినిమా అయ్యేదాకా వీడు కన్ను మూయడు వదినగారూ. మాటలేమీ వినపడవు, గోడలో దడదడ ఒక్కటే. అన్నయ్యగారు సరదాగా చూసుకుంటుంటే చెప్పడానికి నోరు రాలేదు" అనెనట. ఆ రాత్రి మా గృహిణి యీ మాటను మాకు చెప్పి, వెంటనే వంటయింటిలోనికి పోయెను. మాకు నిద్రపట్టలేదు. మాటలు కావలసిన తల్లికి మాటలు చేరలేదు; నిద్ర కావలసిన పసిబిడ్డకు దడ చేరెను. రెంటికిని మూలము మేము ధనమును పంచిన తీరే.

దీని కారణము తెలిసికొనుట కష్టము గాదు. ధ్వని గాలిలో సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. 20 హెర్ట్జుల ధ్వనికి తరంగము పొడవు 17 మీటర్లు. అనగా మా గదికంటె మూడురెట్లకు పైగా పొడవు. మాటలను స్పష్టపఱచు రెండువేల హెర్ట్జుల ధ్వనికి తరంగము 17 సెంటీమీటర్లు మాత్రమే. చిన్న తరంగము తలుపునకు తగిలి చాలవఱకు ఆగును. పెద్ద తరంగము గోడను, నేలను గూడ కదల్చి ఆవలికి పోవును. కావున ఇరుగుపొరుగువారికి మన సినిమాలోని మాటలు, పాటలు, హాస్యము ఏదియు చేరదు. చేరునది దడ యొక్కటే. విందు మనది, ఎంగిలివిస్తరి వారిదియైనట్లున్నది గదా.

ఇప్పుడు మా మనస్సు మాతోనే వాదింపదొడగెను. ఆ వాదములు మా వంటి చాలమంది గృహస్థులవే గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదటివాదము కళను గూర్చినది. చిత్రమును నిర్మించినవారు ఒక్కొక్క ధ్వనిని ఒక్కొక్క చోటినుండి వినబడునట్లు శ్రమపడి కూర్చిరి. దానిని అట్లే వినుట కళకు మనము చేయు గౌరవము. అందఱకును సమముగా పంచబోయినచో ఎవరికిని సంపూర్ణానందము కలుగదు. ఒక్కరైనను పూర్ణముగా వినుట, అందఱును సగము సగము వినుటకంటె మేలు. ఈ వాదములో కొంత సత్యము లేకపోలేదు. శిల్పమును ఒక స్థానమునుండి చూచిననే సంపూర్ణముగా కనబడునెడల ఆ స్థానమును చెఱుపవలెనని మేము చెప్పము. కాని ఆ స్థానము ఒక్కనికే శాశ్వతముగా దత్తమగుట కళయొక్క ఆజ్ఞ కాదు. అది మన యాజ్ఞ. కళ ఒక యుత్తమాసనమును కోరినది గాని, అందు గృహయజమానుడే కూర్చుండవలెనని కోరలేదు.

రెండవవాదము సొమ్మును గూర్చినది. కష్టించి సంపాదించి కొన్నవానికి మంచి చోటున కూర్చుండు హక్కు లేదా? సంపాదించినది మేమే యగుగాక. ఆ సంపాదనకు వీలుగా ఇంటిపని యంతయు చేసినవా రెవరు? మమ్ము చదివించినవా రెవరు? వేతనపు చీటీమీద ఒక్క పేరే యుండును గాని, వేతనమునందు ఇంటిలోని కందఱకును పాలున్నది. అట్లు లేదనుకొన్నను, విందునకు బియ్యము తెచ్చినవాడే నేయి యంతయు త్రాగవలెనని ఏ మర్యాదయు చెప్పదు.

మూడవవాదము మిక్కిలి మృదువైనది. కావున మిక్కిలి మోసకరమైనది. ఎవరును ఫిర్యాదు చేయలేదు గదా! తల్లిగారు సంతోషముగానే పడుకొనిరి. గృహిణి యేమియు అనలేదు. క్రింది యింటివారు మూడు మాసములు మాటాడలేదు. కాని ఎవరు ఫిర్యాదు చేయరో విచారింపుడు. పరాధీనురాలైన వృద్ధురాలు చేయదు. అలవాటుపడిన యిల్లాలు చేయదు. అద్దెకుండు మర్యాదస్థురాలు చేయదు. మాటలు రాని బిడ్డ చేయనే చేయదు. ఫిర్యాదునకై వేచియుండు ధర్మము నోరుగలవానికే న్యాయము చేయును.

చట్టమును పాటించితిమి గదా యన్న సమాధానమును చాలదు. 2000వ సంవత్సరపు శబ్దకాలుష్యనియమముల ప్రకారము నివాసస్థలములయందు పగలు 55, రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవఱకు 45 డెసిబెళ్లు పరిమితి. ఈ నియమములు మంచివి, వానిని పాటింపవలసినదే. కాని ఈ కొలతకు వాడు 'ఏ' అను కొలమానము మనుష్యుని చెవి ననుసరించి మంద్రధ్వనులను చాల తగ్గించి లెక్కించును. 50 హెర్ట్జుల ధ్వనిని సుమారు 30 డెసిబెళ్లు తగ్గించియే చూపును. కావున పొరుగింటి గోడను అదరగొట్టు దడ ఈ కొలతలో స్వల్పముగానే కనబడవచ్చును. చట్టపు చెవికి వినబడని బాధ తల్లి యొడిలోని బిడ్డకు వినబడుచున్నది. చట్టము మన ధర్మమునకు నేలవంటిది గాని పైకప్పు గాదు.

ఇంతవఱకు వచ్చిన పిమ్మట, మేము మొదట పొగడిన పంక్తిధర్మమును గూడ పరీక్షింపవలసివచ్చినది. పంక్తిలో కూర్చుండినవారికి సమముగా వడ్డింపుమని అది చెప్పును. కాని పంక్తిలో ఎవరు కూర్చుండవచ్చునో చెప్పదు. వడ్డించు స్త్రీలు మగవారి భోజనమైన పిమ్మట మిగిలినది తినిరి. కొందఱిని ఆ పంక్తి దరిదాపులకే రానీయలేదు. లోపల ఇంత న్యాయముగా నున్న ధర్మము, గడపవద్ద ఇంత అన్యాయముగా నుండెను. మా గదిలోను అట్లే జరిగినది. గడపకడ నిలిచిన గృహిణియు, లోపలిగదిలో పడుకొనిన తల్లియు, నేలక్రింది బిడ్డయు మా లెక్కలో పంక్తియందే లేరు. కావున మొదటి ప్రశ్న ఎట్లు వడ్డింపవలెననునది గాదు. ఈ వడ్డన ఎవరెవరిని తాకుచున్నదని. తాకువా రందఱును పంక్తిలోనివారే.

ఈ దృష్టితో చూచినప్పుడు యంత్రశాస్త్రమే మాకొక పాఠము చెప్పెను. 1933వ సంవత్సరము ఏప్రిలు 27వ తేదీన అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియా నగరమున జరిగిన వాద్యగోష్ఠిని తంతులద్వారా వాషింగ్టన్ నగరమునకు పంపి వినిపించిరి. అందులకు రెండు మార్గములు గాక మూడు మార్గములను వాడిరి: ఎడమ, మధ్య, కుడి. రెండు పెట్టెలే యున్నచో నడుమ కూర్చుండినవానికి మాత్రమే నడిమి ధ్వని నడుమ తోచును; ప్రక్కనున్నవానికి అది తన దగ్గఱి పెట్టెలోనికి ఒరిగిపోవును. మధ్యను నిజముగా నొక పెట్టె యున్నచో, ఏ మూల కూర్చుండినవానికైనను మాట తెరమీదనుండియే వచ్చును. అనగా మధ్యపెట్టెవలన అధికలాభము పొందువాడు మధ్య కూర్చుండినవాడు గాదు, ప్రక్కల కూర్చుండినవాడు. సినిమాలోని సంభాషణలలో చాలభాగము వచ్చునదియు దానినుండియే. అట్టి పెట్టెను 'చిన్నదైనా సరిపోతుంది' అని మేము కొంటిమి!

మఱునాడే మేము అంగడికి పోయి, నష్టమునకు ఓర్చి పెద్ద మంద్రపు పెట్టెను తిరిగియిచ్చి, చిన్నదానిని తెచ్చితిమి. మిగిలిన సొమ్ముతో మంచి మధ్యపెట్టెను కొంటిమి. దానిని టీవీ క్రింది అఱనుండి ముందునకు జరిపి, కూర్చుండినవారి చెవులవైపు కొంచెము ఎత్తి నిలిపితిమి. మంద్రపు పెట్టెను మూలనుండి తీసివేసితిమి. ఏలయన మూలనున్నచో గోడలవలన దాని ధ్వని మఱింత హెచ్చును. మైకును ఒక్క చోటగాక నాలుగు ఆసనములయందును, గడపకడ వేసిన కుర్చీయందును ఉంచి కొలతలు తీయించితిమి. మా నడిమి యాసనమున మునుపటి పరవశత్వము కొంత తగ్గినమాట నిజము. రాత్రి 9 గంటల పిమ్మట మంద్రపు పెట్టెను ఆపుచున్నాము. పెద్దధ్వనులను తగ్గించి చిన్నవానిని పెంచు రాత్రివిధానము రిసీవరులోనే యున్నది. ఏడుపెట్టెల పద్ధతికి ఆసనములవెనుక చోటు కావలెను. మా వలె గోడకానించి సోఫా వేసికొన్నవారికి అయిదే చాలును. అంతకును సొమ్ము చాలనిచో, వెనుకపెట్టెలను మానుకొని ముందరి మూడింటిని మంచివి కొనుట మేలు. పక్షుల ఱెక్కలచప్పుడు లేకున్నను కథ తెలియును. మాట లేకున్న కథయే లేదు.

ఇంత చేసియు మేము చేసిన ముఖ్యదోషము మిగిలియే యున్నది. కొత్త పెట్టె వచ్చిన దినమున మా తల్లిగారిని బ్రతిమాలి కూర్చుండబెట్టితిమి. ఆమె కొంతసేపు శ్రద్ధగా చూచి, "శబ్దం బాగానే ఉంది నాయనా, మాటే విడిపోవటం లేదు" అనిరి. అప్పుడు మాకు కనువిప్పైనది. వార్ధకమున చెవి మొదట కోల్పోవునది హెచ్చుస్థాయి ధ్వనులను. అచ్చుల బలము తక్కువస్థాయిలోనుండును. స, శ, త, క వంటి హల్లుల స్పష్టత హెచ్చుస్థాయిలోనుండును. కావున వృద్ధులకు ఎవరో మాటాడుచున్నట్లు వినబడును గాని, ఏమి మాటాడుచున్నారో తెలియదు. ధ్వనిని పెంచినను అచ్చులే మోగును. రెండు మాసములు మేము పెట్టెల గుణములను పోల్చిచూచితిమి. ఆమె చెవులను పరీక్ష చేయించుటకు ఒక్క మధ్యాహ్నమైనను వెచ్చింపలేదు. "కథ తెలిసిందేగా" అను మాటను విని నవ్వితిమి.

పరీక్ష చేయించితిమి. రెండు చెవులకును వినికిడియంత్రములు పెట్టించితిమి. వానితో సర్వమును తిరిగి వచ్చినదని చెప్పజాలము. గుంపు మాటలు ఆమెకు ఇప్పటికిని చిక్కుపడును. కాని గత మాసమున ఒక పాత చిత్రమును చూచుచు, అందఱికంటె ముందుగా ఆమె నవ్వెను. ఆ నవ్వు విని మా గృహిణి మావైపు చూచెను. ఆ సమయమున నడిమి యాసనముననున్నది మా తల్లిగారు. మేము తలుపుప్రక్క కుర్చీలోనుంటిమి. అచ్చటనుండి వెనుక యెడమపెట్టె మాకు వినబడదు.

వినోదమును మానుకొనుడని మేము చెప్పుట లేదు. దినమంతయు శ్రమించిన కుటుంబము సాయంకాలమున ఒక్కచోట కూర్చుండి ఒక కథకు నవ్వుట, ఏడ్చుట మంచిదే. కాని స్పీకర్లను కొనబోవు గృహస్థుడు అంగడికి పోకముందు తన యింటిలో నొకసారి తిరిగి చూడవలెను. తెరకు దూరముగా నుండునది ఎవరు, మాట సరిగా వినబడనిది ఎవరికి, గోడ కావల నిద్రింపవలసినది ఎవరు అని తెలిసికొని, ఆ మువ్వురను మనస్సునందుంచుకొని బేరమాడవలెను. ఏ పెట్టె కొనవలెనో వారే చెప్పుదురు. క్రింది యింటి బిడ్డ ఇప్పుడు రాత్రులు నిద్రించుచున్నాడని వాని తల్లి మా గృహిణితో చెప్పినదట. తిరిగి దడ వినబడినచో మొగమోటము లేక వెంటనే చెప్పవలెనని మేమే మెట్లు దిగిపోయి ఆమెను కోరివచ్చితిమి.